నిలబెట్టిన కారులో చచ్చిపోయే పెట్రోల్ – తాళం తిప్పకముందే చూసుకోవాల్సిన సంగతులు

ఈసారి పురుగు గురించి కాదు, తోట గురించి కాదు, కారు గురించి రాస్తున్నాను. రేష్మె గ్రూపులో కారు గొడవ ఎందుకప్పా అనుకోవద్దు. గూళ్ళు మార్కెట్‌కు పోయేది బండిలోనే కదా. ఆ బండి దారిలో నిలిచిపోతే నెల రోజుల మన కష్టం అంతా రోడ్డు పక్కన మూటల్లో కూర్చుంటుంది. నాకు అదే జరిగింది. ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి మెకానిక్ పక్కన రెండు రోజులు కూర్చున్నాను. తెలిసిందంతా ఇక్కడ పెడుతున్నాను.

మా బోరు ఒక ఎండాకాలం పూర్తిగా ఎండిపోయింది. తోటకు నీళ్ళు లేవు, సొప్పు లేదు, పది నెలలు పురుగు మేపలేదు. పురుగు లేదంటే కారుకు పని లేదు. వెనక సీటు తీసేసి గూళ్ళ మూటలు వేసుకునే పాత పెట్రోల్ కారు అది. రేకుల కింద నిలబెట్టి, పైన టార్పాలిన్ కప్పి వదిలేసినాను. ట్యాంకులో పది లీటర్లకు లోపలే ఉండింది. ఉన్నది ఉండనీలే, ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

తర్వాత వానలు పడినాయి, బోరులో నీళ్ళు ఊరినాయి. 150 గుడ్లకు చాకీ తెచ్చి మేపినాము. పంట బాగా వచ్చింది. గూళ్ళు విడిపించే ముందురోజు కారు దగ్గరికి పోయి బ్యాటరీ చార్జ్ చేయించినాను, టైర్లకు గాలి కొట్టించినాను. సెల్ఫ్ కొడితే అందుకోలేదు. మళ్ళీ కొట్టినా. ఏడెనిమిది సార్లు కొట్టినాక దగ్గుతా దగ్గుతా అందుకుంది. పొగ వాసన వేరేగా ఉండింది. దాన్ని పట్టించుకోలేదు, అదే నా తప్పు. బంకుకు పోయి అయిదు లీటర్లు పోయించి, ఇంక సరిపోయిందిలే అనుకొని ఇంటికి వచ్చేసినాను.

మరునాడు తెల్లారక ముందే 112 కిలోల గూళ్ళు వేసుకొని నేను, మా ఆవిడ శిడ్లఘట్ట మార్కెట్‌కు బయలుదేరినాము. ఇరవై కిలోమీటర్లు పోయినాము. ఒక చిన్న మిట్ట దగ్గర కారు జర్కులు కొట్టింది, ఊపిరి పట్టినట్టు అయింది, నిలిచిపోయింది. ఎంత సెల్ఫ్ కొట్టినా ఊ అనలేదు. ఆ పొద్దున గూడ్స్ ఆటో దొరికేసరికి ఎండ ఎక్కేసింది. మూటలో చెయ్యి పెడితే లోపల వేడి తగులుతా ఉంది. లోపల ప్యూపా బతికే ఉంటుంది, ఊపిరి తీసుకుంటా ఉంటుంది, గాలి ఆడకపోతే మూట ఉడికినట్టు అవుతుందని మీకు నేను చెప్పే పని లేదు. మార్కెట్ చేరేసరికి ఆ రోజు వేలం అయిపోయింది. గూళ్ళను అక్కడే పలచగా పరిచి రాత్రంతా కాపలా ఉన్నాను. మరునాడు తూకం వేస్తే 109 కిలోలు. ధర కూడా నేను అనుకున్నదానికంటే తక్కువే పలికింది. పది నెలల తర్వాత వచ్చిన మొదటి పంట అది.

కారును ఈడ్చుకొని పోయినాక మెకానిక్ ఒకే మాట చెప్పినాడు: "అన్నా, నీ ఇంజన్‌కు ఏమీ కాలేదు. నీ పెట్రోల్ చచ్చిపోయింది." ట్యాంకులో ఉండేది సీసాలోకి పట్టి చూపించినాడు. కొత్తది, పాతది కలిసిపోయి డికాషన్ రంగులో ఉండింది. వాసన పెట్రోల్ వాసన కాదు, పాత పెయింట్ డబ్బా మూత తీసినట్టు పుల్లగా, ఘాటుగా. పంపు కింద ఉండే జల్లెడకు జిగురు పట్టేసి ఉండింది. పెట్రోల్ అందక పంపు వేడెక్కి కాలిపోయింది. పంపు మార్చి, ఇంజెక్టర్లు విప్పి కడిగి, ఫిల్టర్ వేసేసరికి మొత్తం 9,400 అయింది. స్టార్ట్ చేయకముందే నా దగ్గరికి వచ్చి ఉంటే ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చి 1,500 లోపల పంపించి ఉందును అన్నాడు. మిగతా డబ్బంతా నేను సెల్ఫ్ కొట్టినందుకు కట్టినదే.

పెట్రోల్ ఎందుకు చస్తుందో ఇప్పుడు చెప్తాను. మనం పెట్రోల్ అంటే నీళ్ళ మాదిరి ఒకే పదార్థం అనుకుంటాము. కాదు. వందల రకాల నూనెలు కలిసిన కలగూర అది. అందులో కొన్ని బాగా తేలికవి, 35 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతాయి. కొన్ని బరువైనవి, 200 డిగ్రీల దాకా పోతేగానీ ఆవిరి కావు. చల్లగా ఉన్న ఇంజన్‌ను పొద్దున్నే అందుకునేట్టు చేసేది ఆ తేలికవే. వాటికే ముందు రెక్కలు వస్తాయి. మూత గట్టిగా ఉన్నా సరే, పగలు వేడికి ట్యాంకులో ఆవిరి పెరిగి బయటికి దారి వెతుక్కుంటుంది, రాత్రి చల్లబడినాక బయటి గాలి లోపలికి పోతుంది. రేకుల షెడ్డు కింద మన ఎండలకు ఇది రోజూ జరుగుతుంది. మూత తీసిన డబ్బాలో కర్పూరం ఎట్లా కరిగిపోతుందో అట్లా. కాకపోతే కర్పూరం తగ్గితే కంటికి కనబడుతుంది. పెట్రోల్‌లో లీటర్లు పెద్దగా తగ్గవు, సత్తువ తగ్గుతుంది.

రెండో రోగం జిగురు. పెట్రోల్‌లో కొన్ని భాగాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా మారిపోతాయి. రిఫైనరీలోనే దీన్ని ఆపే మందు కొంచెం కలుపుతారు, అయితే ఆ మందు కూడా ఖర్చైపోతుంది. అది అయిపోయినాక జిగురు పుట్టడం మొదలవుతుంది. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా. మనకు జిగురు తెలియనిది కాదు. గూటి దారానికి సెరిసిన్ జిగురు ఉంటుంది, రీలర్లు వేడినీళ్ళలో ఉడికించి మెత్తబరుస్తారు. పెట్రోల్ జిగురుకు ఆ మంచి గుణం లేదు. ఒకసారి పైపుల్లో, ఇంజెక్టర్ మొనలో ఆరి వార్నిష్ మాదిరి గట్టిపడితే పైన ఎంత కొత్త పెట్రోల్ పోసినా కరగదు. విప్పి, మందు వేసి కడగాల్సిందే. ఇంజెక్టర్ రంధ్రాలు చాలా సన్నవి. అక్కడ కొంచెం పట్టినా చాలు.

మూడో రోగం నీళ్ళు. ఇది ఇప్పటి పెట్రోల్‌కు ఎక్కువ. మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఇ20 పెట్రోల్, అంటే నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిపినది. చెరుకు నుంచి, మొక్కజొన్న, బియ్యం లాంటి గింజల నుంచి తీసే స్పిరిట్ అది. 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే దీన్ని మొదలుపెట్టినారు, ఇప్పుడు దేశమంతా అదే. ఇథనాల్ మంచిదా చెడ్డదా అనే వాదన గ్రూపులో చాలాసార్లు అయింది, దాన్ని మళ్ళీ తిరగదోడను. రోజూ తిరిగే బండికి నిలవ సమస్యే రాదు. నిలబెట్టిన బండికి వస్తుంది. ఎందుకంటే ఇథనాల్ ఉప్పు మాదిరి, గాలిలో తేమను లాక్కుంటుంది. మొదట్లో ఆ నీళ్ళు పెట్రోల్‌లోనే కలిసిపోయి ఉంటాయి, ఏమీ తెలియదు. ఒక హద్దు దాటినాక నీళ్ళు, ఇథనాల్ రెండూ చెయ్యి చెయ్యి పట్టుకొని పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కు దిగిపోతాయి. పాలు విరిగినట్టే అనుకోండి. పంపు పీల్చేది ఎక్కడినుంచి? అడుగునుంచే. ఇంజన్‌కు పోయేది పెట్రోల్ కాదు, స్పిరిట్ కలిసిన నీళ్ళు. పాత ఇనుప ట్యాంకైతే లోపల తుప్పు కూడా మొదలవుతుంది. పైన మిగిలిన పెట్రోల్‌లో ఇథనాల్ పోయింది కాబట్టి దాని ఆక్టేన్ కూడా పడిపోతుంది, ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది.

నా ట్యాంకు సగం కూడా లేకపోవడం ఇంకో తప్పని అప్పుడే తెలిసింది. ట్యాంకులో ఎంత ఖాళీ ఉంటే అంత గాలి, అంత తేమ. చలికాలం తెల్లవారుజామున ట్యాంకు లోపలి గోడలకు చెమట పట్టి కిందికి జారుతుంది. షెడ్డులో రేకులకు పట్టి పురుగుల మీద బొట్లు పడతాయే, అదే చెమట.

ఎన్నాళ్ళకు చస్తుంది అని అందరూ అడుగుతారు. ఒక తారీఖు చెప్పలేము. ట్యాంకు నిండుగా, నీడలో, మూత గట్టిగా ఉంటే మూడు నెలలు భయం లేదు. సగం ట్యాంకుతో ఎండలో నిలబెడితే అంతకు ముందే తేడా రావచ్చు. ఆరు నెలలు దాటిందంటే నమ్మొద్దు. ఏడాది దాటిందంటే చూడకుండా తాళం తిప్పనే తిప్పొద్దు.

తాళం తిప్పొద్దు అని ఎందుకు అంటున్నానంటే, ఇప్పటి ఇంజెక్టర్ బండ్లలో సెల్ఫ్ కొట్టాల్సిన పని కూడా లేదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు జుయ్‌మని శబ్దం వస్తుంది, విన్నారా? అది ట్యాంకులో మునిగి ఉండే పంపు. అప్పటికే చెడ్డ పెట్రోల్‌ను పైపుల్లోకి తోసేసింది. ట్యాంకులో ఉన్నంతవరకు రోగం ట్యాంకుది మాత్రమే. అక్కడినుంచి కదిలితే ఫిల్టర్, పైపు, ఇంజెక్టర్, ప్లగ్గు అన్నిటికీ అంటుకుంటుంది. మన షెడ్డులో ఒక ట్రేలో సున్నపు రోగం పురుగు కనబడితే దాన్ని అక్కడే ఆపుతామా, అన్ని ట్రేలకు తిప్పుతామా? ఇదీ అంతే.

కాబట్టి మొదట ముక్కు, తర్వాత కన్ను. ట్యాంకు మూత తీసి వాసన చూడండి. ముఖం లోపల పెట్టి పీల్చొద్దు, చేత్తో గాలి విసురుకుంటే చాలు. కొత్త పెట్రోల్ వాసన గుప్పున ముక్కుకు ఎక్కుతుంది. పాతది మందంగా, పుల్లగా, వార్నిష్ మాదిరి ఉంటుంది. అనుమానం వస్తే కొంచెం బయటికి తీసి గాజు సీసాలో పట్టండి. ప్లాస్టిక్ గ్లాసు వద్దు, కొన్ని కరిగిపోతాయి. ఇంకో సీసాలో కొత్త పెట్రోల్ పెట్టి, రెండూ కదపకుండా అర్ధగంట వదిలి, పగటి వెలుతురులో పక్కపక్కన చూడండి. పాతది ముదురు రంగుకు తిరిగి ఉంటే జిగురు మొదలైనట్టు. అడుగున వేరే పొర గీత గీసినట్టు కనబడితే నీళ్ళు విడిపోయినట్టు. ఆ పెట్రోల్ ఇంక దేనికీ పనికిరాదు, కొత్తది పోసి కలిపితే మళ్ళీ ఒకటవుతుంది అనే ఆశ పెట్టుకోవద్దు.

రంగు బాగుంది, పొర లేదు, వాసన కొంచెమే తగ్గింది, నిలిపి మూడు నాలుగు నెలలే అయింది అంటే ట్యాంకు ఖాళీ చేసే పని లేదు. నిండుగా కొత్త పెట్రోల్ పోయించండి. పాతది ఒక పాలైతే కొత్తది నాలుగు పాళ్ళు ఉండేట్టు చూసుకోండి. నేను చేసిన మాదిరి పది లీటర్ల చచ్చిన పెట్రోల్ మీద అయిదు లీటర్లు పోయడం అంటే కుళ్ళిన పాలల్లో లోటా మంచిపాలు పోయడమే. బంకుకు బండి తీసుకుపోవడానికి స్టార్ట్ చేయాలి కదా అంటారు. బంకునుంచి తగిన క్యాన్‌లో తెచ్చి ఇంటి దగ్గరే పోయండి, తర్వాతే తాళం. పది పదిహేను కిలోమీటర్లు మెల్లగా, లోడు లేకుండా, ఊరి దగ్గరలోనే తిప్పండి. గూళ్ళు విడిపించే రోజుకు వారం ముందు ఈ పని చేయాలి, ముందురోజు సాయంత్రం కాదు.

రంగు మారింది, పొర కనబడింది, లేదా ఏడాది అయింది అంటే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. పాత కొన్ని బండ్లకు ట్యాంకు అడుగున బోల్టు ఉంటుంది, విప్పితే దిగిపోతుంది. ఇప్పటి కార్లకు పోసే గొంతులోనే అడ్డు ఉంటుంది, పైపు లోపలికి దిగదు. వెనక సీటు ఎత్తి పంపు మూత తీసి అక్కడినుంచి తోడాలి. ఇది మెకానిక్ పని. ఇంటి దగ్గర మనమే చేసుకుంటాము అనే అన్నలకు ఒక మాట. ట్యూబు నోట్లో పెట్టుకొని పీల్చే అలవాటు మన ఊళ్ళల్లో ఇంకా ఉంది. దయచేసి మానండి. ఒక్క చుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా పుండు పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున మింగినా వాంతి చేయించవద్దు, వాంతిలో మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి. చేత్తో పిసికే రబ్బరు బుడ్డి పంపు హార్డ్‌వేర్ అంగళ్ళలో దొరుకుతుంది, ఒకటి తెచ్చుకుంటే ఎన్నాళ్ళైనా ఉంటుంది. తోడే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. బీడీ కాల్చేవాళ్ళను దూరం పంపండి, మొహమాటం పడొద్దు.

ఈ పని ఎక్కడ చేయాలో అన్నది మన రేష్మె రైతులకు ప్రత్యేకంగా చెప్పాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. పొగ మాదిరి పైకి పోదు, నీళ్ళ మాదిరి నేలబారున పారి పల్లం వెతుక్కుంటుంది. చలికాలం పురుగుల ఇంట్లో వేడికోసం బొగ్గుల కుంపటో, హీటరో పెట్టి ఉంటాము. ఇరవై అడుగుల దూరంలో తోడుతున్నాము కదా అనుకుంటే, ఆవిరి తలుపు సందులోంచి కుంపటి దాకా పారి, అక్కడ అంటుకొని మళ్ళీ వెనక్కు మీ కాళ్ళ దగ్గరికే మంట వస్తుంది. అది రెప్పపాటులో జరిగిపోతుంది. మంట రాకపోయినా ఆ వాసన పురుగుకు పడదు. అగరబత్తి, పొగాకు, తోటకు కొట్టే మందు వాసనకే మన పురుగు ఎంత సుకుమారమో తెలుసు కదా. షెడ్డుకు దూరంగా, గాలి షెడ్డువైపు వీచని చోట, తోటకు కూడా దూరంగా చేయండి. చేసినాక సబ్బుతో చేతులు బాగా కడిగి, బట్టలు మార్చినాకే సొప్పు ముట్టండి. మా ఆవిడైతే ఆ రోజు నన్ను షెడ్డులోకే రానియ్యదు, రెండు మేతలు తనే వేస్తుంది. అదే మంచిది.

తోడిన పెట్రోల్ ఏం చేయాలి అన్నది పెద్ద ప్రశ్న. ఊరకనే పారబోయడానికి మనసు ఒప్పదు. నాకూ ఒప్పలేదు. అయితే దాంతో ఏం చేయకూడదో ముందు వినండి. రోగం వచ్చిన పురుగులను, పాత పరుపు చెత్తను కాల్చడానికి ఈ పెట్రోల్ పోసేవాళ్ళు ఉన్నారు. మా పక్క ఊరిలో ఒకాయన అట్లానే పోసి, అగ్గిపెట్టె వెతుక్కొని వచ్చేసరికి రెండు నిమిషాలు అయింది. ఆ రెండు నిమిషాల్లో ఆవిరి చుట్టూ పరుచుకుంది. గీసిన పుల్ల చెత్తను తాకక ముందే గాలే అంటుకుంది. కుడి చెయ్యి, మెడ కాలిపోయినాయి. ఆ సంవత్సరం ఆయన మళ్ళీ పురుగు మేపలేదు. కిరోసిన్ వేరే, పెట్రోల్ వేరే. పాతబడినంత మాత్రాన పెట్రోల్ సాధువు అయిపోదు, ఇంజన్‌ను నడపలేకపోయినా మనిషిని కాల్చగలదు. రోగం పురుగులను బ్లీచింగ్, సున్నం వేసి గుంటలో పూడ్చండి, దానికి మంట అక్కరలేదు.

కాలువలో పోయొద్దు, తోట గట్టున పోయొద్దు, బోరు దగ్గర అసలే పోయొద్దు. నేలలో దిగితే నీళ్ళల్లోకి పోతుంది. స్ప్రేయర్ డ్రమ్ము కడగడానికి, చంద్రికెలు తుడవడానికి వాడొద్దు. రంగు మారని, నీళ్ళు లేని మూడు నాలుగు నెలల పెట్రోల్ అయితే కొత్త పెట్రోల్‌లో అయిదో వంతు కలిపి పాత కార్బొరేటర్ బైకుకు వాడుకోవచ్చు. నేను అట్లా చేసినాను, ఏమీ కాలేదు. చెడిపోయినదైతే గట్టి మూత ఉన్న ఇనుప క్యాన్‌లో గ్యారేజీకి ఇవ్వండి. వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకుపోయేవాళ్ళు గ్యారేజీలకు వస్తుంటారు, వాళ్ళద్వారా పోనీయండి.

ఖాళీ చేసినాక వెంటనే కొత్తది పోసి బయలుదేరడం కాదు. ట్యాంకు అడుగున జిగురో, తుప్పో కనబడితే కడిగించాలి. ఫిల్టర్ తప్పకుండా మార్చాలి, దాని దగ్గర కక్కుర్తి వద్దు. పాత బండ్లలో రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి, తర్వాత పగుళ్ళు పడతాయి, చేత్తో వంచి చూడండి. కార్బొరేటర్ బండి అయితే గిన్నె విప్పి జెట్లు కడిగించండి. ఆ గిన్నెలో ఉండేది కొంచెమే కాబట్టి ట్యాంకు బాగున్నా అది మాత్రం వారాల్లోనే చెడుతుంది. పాత పెట్రోల్‌ను మళ్ళీ బాగు చేస్తుందని సీసాల్లో మందులు అమ్ముతారు. నిలవ ఉండేట్టు చేసే మందు నిజంగానే ఉంది, కానీ అది కొత్త పెట్రోల్‌లో ముందే కలిపి పెట్టాల్సింది. చచ్చినదాన్ని బతికించే మందు లేదు. డబ్బు పారేసుకోవద్దు.

గ్యాస్ కిట్ ఉన్న కార్లవాళ్ళు ఇంతసేపు ఇది మనకు కాదులే అని చదువుతా ఉంటారు. మీకే ఎక్కువ. సిఎన్‌జి మీదే రోజూ తిప్పుతారు, ట్యాంకులో అయిదు లీటర్ల పెట్రోల్ ఏడాదిగా అట్లానే ఉంటుంది. కారు రోజూ కదులుతుంది కాబట్టి పెట్రోల్ కూడా కొత్తదే అని భ్రమ. గ్యాస్ అయిపోయిన రోజు, స్టేషన్ లేని చోట స్విచ్ పెట్రోల్‌కు తిప్పితే అప్పుడు దగ్గుతుంది. వారానికి ఒకసారి ఏడెనిమిది కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి. హోసూరు వైపు మా బావమరిది ఇట్లానే ఒకసారి నిలిచిపోయి, ఇప్పుడు ప్రతి సోమవారం పెట్రోల్ మీదే సంతకు పోతాడు.

కారు నిలబెట్టక తప్పదు అనే పరిస్థితి మనకు వస్తా ఉంటుంది. బోరు ఎండుతుంది, ధర పడిపోతుంది, ఇంట్లో ఎవరికో బాగుండదు. అప్పుడు నిలబెట్టే ముందే ట్యాంకు నింపండి, గొంతుదాకా కాదు, బంకువాడి గన్ను దానంతట అది ఆగినంతవరకు. రెండు మూడు నెలలకు మించుతుంది అనుకుంటే ఆ నిలవ మందు కలిపి పది కిలోమీటర్లు నడిపినాక నిలబెట్టండి, మందు ఇంజెక్టర్ దాకా పోతుంది. పదిహేను రోజులకు ఒకసారి నిజంగా రోడ్డు మీద అరగంట తిప్పండి. ఇంటి ముందే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వల్ల లాభం లేదు. సెల్ఫ్ తిన్న కరెంటు బ్యాటరీకి తిరిగి రాదు, సైలెన్సర్‌లో నీళ్ళు నిలుస్తాయి. ఎలుకల సంగతి వేరేగా రాయాలి, మా ఊర్లో ఒకరి వైరింగ్ మొత్తం తినేసినాయి.

డీజిల్ వాళ్ళకు ఒక్క మాట. డీజిల్ అంత తొందరగా ఎగిరిపోదు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఓర్చుకుంటుంది. దాని శత్రువు నీళ్ళు. అడుగున నీళ్ళు చేరితే నీళ్ళకు డీజిల్‌కు మధ్యలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి బురద అవుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే మర ఉంటుంది, నిలబెట్టిన ట్రాక్టర్‌కు, టెంపోకు ముందు అది విప్పి చూడండి.

కారు లేనివాళ్ళకు కూడా ఈ రోగం ఇంట్లోనే ఉంది. షెడ్డుకు బ్లీచింగ్ కొట్టే పవర్ స్ప్రేయర్, తోటలో గడ్డి కోసే మిషన్. పంటకు పంటకు మధ్యలో ఇవి నెలలు నెలలు మూల పడి ఉంటాయి. టూ స్ట్రోక్ మిషన్లకు ఆయిల్ కలిపిన పెట్రోల్ పోస్తాము. అది నిలవ ఉంటే పెట్రోల్ ఆవిరైపోయి, ఆయిల్, జిగురు మిగిలి ఆ చిన్న కార్బొరేటర్‌ను మూసేస్తాయి, లోపలి రబ్బరు పొర గట్టిపడుతుంది. కొత్త పురుగు వచ్చే ముందు షెడ్డు శుద్ధి చేయాల్సిన రోజున తాడు లాగి లాగి భుజం నొప్పి పట్టేది ఇందుకే. చాకీ వచ్చే తారీఖు మనకోసం ఆగదు, శుద్ధి సగంలో వదిలేస్తే ఆ పంటకు రోగం రెడీ. పని అయిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క కూడా కాలిపోయి దానంతట అదే ఆగేదాకా నడిపి పెట్టండి. కలిపిన పెట్రోల్ ఒక నెలకు మించి డబ్బాలో ఉంచొద్దు, కావలసినంతే కలుపుకోండి.

మా షెడ్డు తలుపు పక్కన పలక మీద చాకీ తెచ్చిన తారీఖు, జ్వరాల తారీఖులు, పండిన తారీఖు సుద్దతో రాస్తాము. ఇప్పుడు దాని కిందనే ఇంకో గీత గీసి కారుకు, స్ప్రేయర్‌కు పెట్రోల్ పోసిన తారీఖు కూడా రాస్తున్నాను. మొన్న చూస్తే స్ప్రేయర్‌ది నలభై రోజులు దాటింది, ఈ రాత్రికి దాన్ని ఖాళీ చేయాలి.